ఎర్రచందనం: మొక్కను గుర్తుపట్టి నాటుకోవడం ఎలా

కడప జిల్లాలోని లంకమల, పాలకొండల్లో తనంతట తానే మొలిచే చెట్టు ఎర్రచందనం. అయినా ఆ జిల్లాలోనే ఆ పేరుతో వేరే మొక్కలు కొని మోసపోయేవాళ్లున్నారు. కొనేముందు ఆకు చూడండి. ఎర్రచందనానికి మామూలుగా కాడకు మూడు ఆకులుంటాయి. గుండ్రంగా ఉండి, కొన దగ్గర కొంచెం నొక్కు పడి ఉంటాయి. ఐదు, ఏడు ఉంటే అది దీని జాతికే చెందిన వేగిస చెట్టు కావచ్చు. ఆకులు ఎదురెదురుగా జంటలుగా ఉంటే శ్రీగంధం. నున్నగా మెరిసే ఎర్రగింజలు చూపించి ఇవే విత్తనాలంటే నమ్మొద్దు, అవి బండిగురివింద అనే వేరే చెట్టు గింజలు. ఎర్రచందనం కాయ చిన్న అప్పడంలా గుండ్రంగా, చుట్టూ రెక్కతో, మధ్యలో ఉబ్బుగా ఉంటుంది. ముదిరిన చెట్టు బెరడు నల్లబారి, మొసలి వీపులా పలకలు పలకలుగా పగులుతుంది.

కాయలు ఫిబ్రవరి, మార్చిల్లో దొరుకుతాయి. మధ్యలో నొక్కి చూడండి, గట్టిగా తగలకపోతే తాలు, లోపల గింజ లేనట్టే. రెక్క కత్తిరించి, రోజూ నీళ్లు మారుస్తూ రెండు మూడు రోజులు నానబెట్టి, కాయను అలాగే నారుమడిలో సెంటీమీటరు లోతున వేయాలి. గింజ తీయబోతే చితికిపోతుంది. అన్నీ ఒకేసారి మొలవవు, నెల దాకా ఓపిక పట్టాలి. మొలకల్ని మట్టి నింపిన కవర్లలోకి మార్చాక, ఆ కవర్లను నెలకోసారి చోటు మార్చండి, లేకుంటే తల్లివేరు కవరు చీల్చుకుని నేలలోకి దిగుతుంది, తీసేటప్పుడు తెగుతుంది.

ఎర్ర గరుసునేల దీనికి బాగా ఒప్పుతుంది. నీళ్లు నిలిచే నల్లరేగడిలో పెట్టొద్దు, వేరు కుళ్లి ఆకు పసుపెక్కి చిగురు నుంచి ఎండుకొస్తుంది. మేలోనే అడుగున్నర పొడవు, వెడల్పు, లోతుతో గుంతలు తీసి ఎండనిచ్చి, పైమట్టిలో ఐదు కిలోల చివికిన పశువుల ఎరువు కలిపి నింపాలి. నేల బాగా తడిశాక ఏడాది మొక్కలు నాటాలి. 4 మీటర్ల ఎడమిస్తే ఎకరాకు 250 దాకా పడతాయి. మొదటి రెండు వేసవులు పదిరోజులకోసారి తడి చాలు. మేకలు ఈ ఆకును ఇష్టంగా తింటాయి, కంచె తప్పదు.

పదేళ్లలో కోట్లు అనే మాట నమ్మకండి. విలువంతా లోపలి ఎర్రచేవది, అంటే కాండం మధ్యలోని గట్టి ఎర్ర చెక్కది, అది కట్టడానికి ఇరవై ఏళ్లు దాటాలి. నీళ్లు, ఎరువులు దండిగా పోస్తే కాండం లావెక్కుతుంది కానీ చేవ ఆ వేగంతో రాదు. సొంత పట్టాలో పెంచినా కొట్టడానికి, తరలించడానికి అటవీశాఖ అనుమతి కావాలి, కాబట్టి నాటినప్పుడే రికార్డుల్లో ఎక్కించుకోండి.

ఎండాకాలం మొదట్లో ఆకంతా రాల్చి మోడులా కనిపిస్తుంది. చచ్చిందని పీకేయకండి, గోటితో బెరడు గీకితే లోపల పచ్చగా ఉంటుంది.