ఆర్‌సీ (రిమోట్‌తో నడిచే) చేపల పడవ కిట్, 4వ పాఠం: షాఫ్టు, మోటారు ఒకే గీతలో

డెక్ మూసేశాక ఇక్కడికి చెయ్యి దూరదు. అందుకే ఈ పాఠానికి తీరిక చూసుకుని కూర్చోండి.

ఇత్తడి స్టెర్న్ ట్యూబును (ప్రొపెల్లర్ షాఫ్టు దూరే గొట్టం), హల్‌లో (పడవ ఒడలు) అది ఆనే చోటును 120 నంబరు ఉప్పుకాగితంతో గరుకు చేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. నున్నటి ఇత్తడిని ఎపాక్సీ జిగురు సరిగ్గా పట్టదు. మోటారు అదురుకు పట్టు వదిలి, నీరు కారేది అక్కడే.

ట్యూబు అతికించి ఆ తర్వాత మోటారు బిగించమనే సూచనలు కిట్లలో కనిపిస్తుంటాయి. రెండూ కలిపే అమర్చడం మేలు. మోటారును, షాఫ్టును కలిపే యూనివర్సల్ జాయింట్ (మడత కీలు) పొడవే ఉన్న ఇత్తడి ముక్క తీసుకోండి. ఒకవైపు మోటారు షాఫ్టుకు (600 సైజుదైతే దాదాపు 3.2 మి.మీ.), మరోవైపు ప్రొపెల్లర్ షాఫ్టుకు (4 మి.మీ.) బిగుతుగా సరిపోయే రంధ్రాలుండాలి. దీంతో కలిపితే మోటారు, షాఫ్టు, ట్యూబు ఒకే కడ్డీ అవుతాయి. మోటారును మౌంటుకు బిగించి, అంతా హల్‌లో పెట్టి, మౌంటు కింద, ట్యూబు పక్కన నాలుగు చుక్కల ఎపాక్సీ వేసి వదిలేయండి. గట్టిపడ్డాక అసలు పూత. దానికి 30 నిమిషాల ఎపాక్సీయే వాడండి, 5 నిమిషాలది తడిలో అంత నమ్మకం కాదు. మర్నాడు ఇత్తడి ముక్క తీసి జాయింట్ పెట్టండి. వంకర అమరికను జాయింటే సర్దుకుంటుందని వదిలేస్తే గీరుడు శబ్దం, అరిగిన బుష్‌లు (ట్యూబు చివర్లలో షాఫ్టు తిరిగే బేరింగులు) మిగులుతాయి.

పడవ ముందుకు పోతున్నప్పుడు తోపుడు బరువు ట్యూబు బయటి చివరనున్న వాషర్ మీద పడాలి, మోటారు మీద కాదు. లోపలి కాలర్ (షాఫ్టుకు బిగించే రింగు) దగ్గర అర మిల్లీమీటరు సందు ఉంచండి.

మోటారు ఒక్కటే తిరిగేటప్పుడు ఎంత కరెంటు లాగుతోందో మీటరుతో చూసి, ప్రొపెల్లర్ లేకుండా షాఫ్టు తగిలించి మళ్లీ చూడండి. ఆంపియరులో రెండు మూడు పదో వంతులు పెరిగితే ఫర్వాలేదు. ఒక ఆంపియరు పెరిగితే మాత్రం అమరిక తప్పినట్టో, బుష్ బిగుసుకున్నట్టో.

ట్యూబు నిండా గ్రీజు కూరండి. నెమ్మదిగా తిరిగే ట్రాలర్‌కు (ఇలాంటి చేపల పడవకు) చిక్కటి గ్రీజు సరిపోతుంది, వేగపు పడవకైతే అదే బ్రేకు.

ట్యూబు మునిగేంత బరువు పెట్టి పడవను పది నిమిషాలు నీళ్లలో ఉంచండి. లోపల ట్యూబు కింద పొడి టిష్యూ పరవండి. ట్యూబు చుట్టూ తడిస్తే ఎపాక్సీ లోపం, లోపలి చివర కింద తడిస్తే గ్రీజు చాలలేదు.