నేర బాధితుల పరిహారం: గుంటూరులో వినతి ఎలా పెట్టాలి

"బాధితులకు న్యాయం చేయాలి" అని మాత్రమే రాసిన వినతిపత్రం ఫైల్లోనే ఉండిపోతుంది. ఒకే కోరికను, సెక్షన్‌తో సహా రాయండి. నేర విచారణ చట్టమైన భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 396 ప్రకారం, పరిహార దరఖాస్తుపై విచారణను న్యాయసేవాధికార సంస్థ 2 నెలల్లో ముగించాలి. దెబ్బతిన్న కుటుంబానికి ఆ గడువే ప్రాణాధారం.

ముందు గుంటూరులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఏడాదిలో వచ్చిన దరఖాస్తులు, గడువు దాటినవి, చెల్లించిన మొత్తం అడగండి. జవాబుకు గడువు 30 రోజులు. "ఎందుకు ఆలస్యం?" అని అడిగితే తిప్పి పంపే వీలుంది, రికార్డులో ఉన్న లెక్కలే అడగాలి.

ఆ అంకెలతో ఒక పేజీ చాలు. కలెక్టరేట్‌లో ఇచ్చి ఊరుకోవద్దు, పరిహార పథకాన్ని మార్చేది రాష్ట్ర ప్రభుత్వం. సమావేశాలకు ముందే ఎమ్మెల్యేకిచ్చి, శాసనసభలో ప్రశ్న వేయమనండి. బాధితుల పేర్లు ఎక్కడా రాయొద్దు. అత్యాచార కేసుల్లో పేరు ప్రచురించడం భారతీయ న్యాయ సంహిత 72 కింద నేరం.