స్కోప్ కనుబొమ్మను కొడుతోందా? సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో రైఫిల్ పట్టినవారిలో ఎక్కువ మందికి ఆ చదువు ఎన్‌సీసీలోనో, సైన్యంలోనో, కేంద్ర బలగాల్లోనో అబ్బినదే. అక్కడ మొదటి పాఠం స్కోప్, అంటే గురిని దగ్గరగా చూపే అద్దాల గొట్టం, లేని తుపాకీతోనే. రిటైరై వచ్చి లైసెన్సు రైఫిల్‌కు స్కోప్ బిగించుకున్న మాజీ సైనికుడికీ, పోటీల కోసం పాయింట్ 22 అనే చిన్న తూటా రైఫిల్ నుంచి పెద్ద బోరుకు (పెద్ద తూటా రైఫిల్‌కు) మారిన కుర్రాడికీ ఒకే చోట దెబ్బ తగులుతుంది. కనుబొమ్మకూ ముక్కు దూలానికీ మధ్య నెలవంక ఆకారంలో చీలిక పడుతుంది. చాలామంది పేలగానే తుపాకీ వెనక్కి గట్టిగా తన్నిందని సరిపెట్టుకుంటారు. తన్నడం రైఫిల్ స్వభావం, దాన్ని మనం మాన్పించలేం. కంటికీ స్కోప్‌కూ మధ్య దూరం మాత్రం మన చేతిలోనే ఉంది. దెబ్బ తగిలిందంటే ఆ దూరం ఎక్కడో తగ్గిందన్నమాట.

దెబ్బ ఇప్పుడే తగిలింది, రక్తం కారుతోంది

ముందు బోల్టు తెరిచి, తూటా తీసి, రైఫిల్‌ను కింద పెట్టించండి. కనుబొమ్మ దగ్గర చర్మం కిందనే ఎముక ఉంటుంది కాబట్టి చిన్న చీలికకు కూడా రక్తం ధారగా కారుతుంది. అందరి దృష్టీ ఆ రక్తం మీదే ఆగిపోతుంది. నిజానికి ముందు చూడవలసింది కంటిని. బాగున్న కన్ను మూయించి, దెబ్బ తగిలిన వైపు కంటితో మీ వేళ్లు లెక్కపెట్టమనండి. చూపు మసకగా ఉన్నా, ఒకటి రెండుగా కనిపిస్తున్నా, మెరుపులో నల్లటి చుక్కలో కదులుతున్నా, ఒక పక్క తెర దించినట్లు ఉన్నా అది కుట్లతో పోయే దెబ్బ కాదు. కంటిపాప గుండ్రంగా లేకపోయినా, నల్లగుడ్డు ముందు అడుగుభాగంలో ఎర్రగా రక్తం నిలిచినా, పైకి చూడగానే వాంతి వచ్చేలా ఉన్నా అంతే.

అలాంటప్పుడు కంటిని నొక్కకండి, కడగకండి, మందు చుక్కలు వేయకండి. గట్టి కాగితపు కప్పు అడుగుభాగం కత్తిరించి, దాని అంచు చుట్టూ ఉన్న ఎముక మీద ఆనేలా, కంటికి తగలకుండా టేపుతో అతికించండి. ముక్కు చీదవద్దని చెప్పండి. కంటి గూడు ఎముక విరిగి ఉంటే ఆ గాలి కంటి చుట్టూ చేరుతుంది. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ మాత్రలు వద్దు, రక్తస్రావం పెరుగుతుంది. ఆపరేషన్ అవసరం కావచ్చు కాబట్టి తిండి పెట్టకండి. తల ఎత్తుగా ఉండేలా కూర్చోబెట్టి తీసుకెళ్లండి, బైకు మీద మాత్రం వద్దు. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో కంటి వైద్యులు ఉంటారు. పెద్ద గాయమైతే విశాఖపట్నంలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. విజయనగరం నుంచి సుమారు 60 కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి నూటికి పైనే. ఇచ్ఛాపురం వైపు వారికి బరంపురం వైద్య కళాశాల ఆసుపత్రి దగ్గర.

చూపు బాగుండి చర్మం మాత్రమే చీలితే, శుభ్రమైన గుడ్డతో ఎముక మీద అదిమి పట్టండి, కనుగుడ్డు మీద బరువు పడకూడదు. ఆ తర్వాత చన్నీళ్ల గుడ్డ వేస్తే వాపు తగ్గుతుంది. పసుపు, కాఫీ పొడి అద్దకండి. డాక్టరు ఆ పొడి అంతా కడిగితే గాని కుట్టు వేయలేడు, ఈలోపు అది కంట్లోకి జారుతుంది. ధనుర్వాతం టీకా సంగతి అడగండి.

బొమ్మ చుట్టూ నల్లటి వలయం, తల తెలియకుండానే ముందుకు పోతోంది

దెబ్బల్లో ఎక్కువ భాగానికి మూలం ఇదే. పెద్ద రైఫిళ్లకు చేసే స్కోపుల్లో నిండు బొమ్మ కనిపించాలంటే కన్ను వెనుక అద్దానికి సాధారణంగా 75 నుంచి 100 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. కన్ను కనుబొమ్మ కంటే లోతుగా ఉంటుంది, అద్దం కూడా గొట్టం అంచు కంటే లోపలే ఉంటుంది. అందుకే స్కోప్ డబ్బా మీద 90 మిల్లీమీటర్లు అని ఉన్నా, కనుబొమ్మకూ ఇనుప అంచుకూ మధ్య అంత ఎడం మిగలదు.

జూమ్ పెంచితే చిక్కు ముదురుతుంది. 40 మిల్లీమీటర్ల ముందు అద్దం ఉన్న స్కోప్‌ను 4 రెట్ల దగ్గర పెడితే కంటికి వచ్చే వెలుగు వృత్తం 10 మిల్లీమీటర్లు. 9 రెట్లకు తిప్పితే సుమారు 4.4 మిల్లీమీటర్లే. తల కొంచెం కదిలినా బొమ్మ చీకటైపోతుంది, దాన్ని వెతుక్కుంటూ మెడ ముందుకు సాగుతుంది. చాలా స్కోపుల్లో జూమ్ పెరిగేకొద్దీ కన్ను ఉండవలసిన దూరం కూడా తగ్గుతుంది. దుకాణంలో తక్కువ జూమ్ మీద, నిలబడి బిగించిన స్కోప్ రేంజిలో బోర్లా పడుకోగానే కనుబొమ్మకు దగ్గరైపోవడం అందుకే.

సరిదిద్దే పద్ధతి ఇది. తుపాకీ ఖాళీగా ఉందని చూసి, వేలు పెట్టి కూడా నిర్ధారించుకోండి. స్కోప్‌ను తుపాకీకి పట్టి ఉంచే రింగుల మరలు అది జరిగేంత వదులు చేయండి. జూమ్‌ను ఎక్కువ వైపు చివరి దాకా తిప్పి, బోర్లా పడుకుని, కళ్లు మూసుకుని చెంపను హాయిగా స్టాక్‌కు (రైఫిల్ వెనుక భాగానికి) ఆనించండి. ఇప్పుడు కళ్లు తెరవండి. నల్లటి వలయం కనిపిస్తే తలను కదపకండి. పక్కనున్నవారిని స్కోప్‌ను ముందుకో వెనక్కో జరపమనండి. నిండు బొమ్మ వచ్చే దూరాల్లో అన్నిటికంటే ముందున్న చోట ఆపి బిగించండి. తర్వాత మోకాలి మీద, నిలబడి కూడా చూసుకోండి.

దీన్ని కాల్చేటప్పుడు వేసుకునే దుస్తులతోనే చేయాలి. మందపాటి షూటింగ్ జాకెట్‌తో అమర్చి, మే నెల ఉక్కలో పల్చటి చొక్కాతో కాలిస్తే ఆ మందమంతా తగ్గి కన్ను ముందుకు వస్తుంది. కళ్లజోడు ఉన్నవారు జోడుతోనే అమర్చుకోవాలి, అదీ పాలికార్బొనేట్ అద్దాలదై ఉండాలి. గాజు అద్దం పగిలితే ముక్కలు నేరుగా కంట్లోకే.

సైన్యంలో ఏనాడూ తగల్లేదు, ఇప్పుడే తగులుతోంది

వెనుక సైట్‌లోని రంధ్రం గుండా గురి చూసినవారికి కన్ను దానికి దగ్గరగా ఆనించడం ఒంటికి పట్టిన అలవాటు. అక్కడ అది మంచి పద్ధతే. స్కోప్‌తో అదే అలవాటు కనుబొమ్మను చీలుస్తుంది. పాయింట్ 22 దగ్గర బయటపడదు, దాని ఎదురుదెబ్బ ఒక జౌలు కూడా ఉండదు. పాయింట్ 30-06 లాంటి పెద్ద రైఫిల్‌కు అది సుమారు 25 జౌళ్ల పైమాటే. రెప్ప వేసేలోపే స్కోప్ ముఖాన్ని చేరుతుంది, తల వెనక్కి తీసే వ్యవధి ఉండదు.

మందు సాధన ఒక్కటే. ఇంట్లో ఖాళీ తుపాకీతో, గోడ వైపు గురిపెట్టి, చెంప ఆనే చోట స్టాక్ మీద చిన్న టేపు ముక్క అతికించండి. ప్రతిసారీ చెంప అక్కడే వాలాలి. తల రైఫిల్ దగ్గరికి వెళ్లకూడదు, రైఫిల్ చెంప దగ్గరికి రావాలి.

భుజమూ కమిలింది, కనుబొమ్మా చిట్లింది

రెండూ కలిసి వస్తే బట్, అంటే స్టాక్ వెనుక చివర, భుజానికి గట్టిగా ఆనలేదని అర్థం. కొత్తవారు దెబ్బకు భయపడి బట్‌ను కాస్త ఎడంగా పట్టుకుంటారు. ఆ ఎడంలోనే రైఫిల్ వేగం పుంజుకుంటుంది. ఆనుకుని ఉన్న బట్ నెడుతుంది, ఎడంగా ఉన్న బట్ కొడుతుంది. కాలరు ఎముక కింద, భుజం కీలుకు లోపలి వైపు ఉన్న మెత్తటి గుంటలో బట్‌ను పెట్టి, కుడిచేత్తో వెనక్కి లాగి ఉంచండి. నిలబడితే ఎడమ కాలు ముందుకు, బరువు కొంచెం ముందు పాదం మీదికి. నడుము నుంచి వెనక్కి వాలితే ప్రతి తూటా మిమ్మల్ని తోసేస్తుంది. చెమటకు బట్ జారుతుంటే తుడుచుకుని మళ్లీ మొదటి నుంచి ఆనించండి, జారిన చోటు నుంచే కాల్చకండి.

బల్ల మీద కాల్చేటప్పుడు మరింత జాగ్రత్త. ఇసుక సంచుల మీద రైఫిల్‌ను వదిలేసి ట్రిగ్గర్ నొక్కితే దాన్ని ఆపేవారే ఉండరు. బల్ల మీదికి ఒరిగేకొద్దీ ముఖం కూడా ముందుకు వస్తుంది. సంచుల ఎత్తు పెంచి నిటారుగా కూర్చోండి. ఎత్తు మీది గురికి కాల్చేటప్పుడూ ఇదే ప్రమాదం.

బొటనవేలు ముక్కుకు తగులుతుంటే స్టాక్ పొట్టిదై ఉండవచ్చు. మోచేయి మడిచి, బట్‌ను మోచేతి వంపులో పెట్టి చూడండి. చూపుడువేలి మొదటి కణుపు ట్రిగ్గర్‌ను హాయిగా అందుకోవాలి. వేలు ట్రిగ్గర్ దాటిపోతుంటే బట్‌కు మందపాటి రబ్బరు ప్యాడ్ వేయించండి. స్కోప్ అంచుకు రబ్బరు తొడుగు వేస్తే చాలనుకోవద్దు. చీలిక తగ్గుతుందేమో గాని, కనుగుడ్డుకు తగిలే దెబ్బ తగ్గదు.

మొదట బాగానే ఉంది, కొన్ని తూటాల తర్వాత తగిలింది

రింగులు వదులై స్కోప్ జరిగి ఉంటుంది. ముందు రింగు దగ్గర గొట్టం మీద పెయింటుతో సన్నటి గీత గీసి, రేంజిలో ప్రతి విడత తర్వాతా చూసుకోండి. గీత జరిగితే ఆ రోజుకు కాల్చడం ఆపి, తయారీదారు చెప్పిన బిగువుతో మళ్లీ బిగించాలి. ఎయిర్ రైఫిల్ స్కోప్‌ను తీసి పెద్ద బోరుకు పెట్టినవారికీ ఇదే బాధ, పైగా కొన్నిటికి కంటి దూరం కూడా తక్కువ.

గాయం మానింది, కాని ట్రిగ్గర్ నొక్కగానే కళ్లు మూసుకుపోతున్నాయి

దెబ్బ తిన్న శరీరం తనను తాను కాచుకుంటోంది, తప్పు పట్టకండి. పాయింట్ 22కు తిరిగి రండి. స్నేహితుడు మీకు తెలియకుండా కొన్నిసార్లు ఖాళీ తుపాకీ అందించాలి. ఖాళీ దానికి కూడా తల కదిలితే పెద్ద రైఫిల్‌కు ఇంకా సమయం కాలేదు. కంట్లో రక్తం నిలిచినవారైతే డాక్టరు ఒప్పుకునేదాకా ఏ రైఫిలూ వద్దు. అలాంటి కంటికి ఏళ్ల తర్వాత కూడా గ్లాకోమా రావచ్చు, నొప్పి ఏమీ తెలియదు. చూపు బాగానే ఉన్నా ఏటా ఒకసారి కంటి ఒత్తిడి కొలిపించుకోండి, పాత దెబ్బ సంగతి డాక్టరుకు చెప్పండి.