షిట్జు కుక్కపిల్లను ఎలా చూసుకోవాలి?

టిబెట్ మూలాలున్న షిట్జును చైనా రాజప్రాసాదాల్లో ముద్దుగా పెంచుకునేవారు. వేటకు పోదు, కాపలాకు పనికిరాదు. మనుషుల పక్కన ఉండటమే దాని ఉద్యోగం. బరువు సుమారు 4 నుంచి 7 కిలోలు. కొత్తగా తెచ్చుకున్నవాళ్లకు టెన్షన్ అంతా ఆ జుట్టు గురించే. నా లెక్కలో మాత్రం మన ఎండల్లో దాన్ని ఎక్కువ ఇబ్బంది పెట్టేది పొట్టి ముక్కు.

1. కొనేముందు

8 వారాలు నిండని కుక్కపిల్లను అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. 'నెల పిల్ల, అరచేతిలో పడుతుంది' అని ఎవరైనా ఫొటో పంపితే అక్కడితో వదిలేయండి. వెళ్లి చూసినప్పుడు ముక్కు రంధ్రాలు గమనించండి. అవి సన్నటి గీతల్లా మూసుకుపోయి, ఊరికే కూర్చున్నా ఊపిరి గురగురమంటుంటే ఆ పిల్లకు ఎండాకాలం కష్టమే.

2. జుట్టు

రోజూ పది నిమిషాలు చాలు. కాకపోతే పైపైన దువ్వితే లాభం లేదు. జుట్టును పాయలుగా విడదీసి, చర్మం దగ్గరి నుంచి ముందు బ్రష్‌తో, తర్వాత స్టీలు దువ్వెనతో దువ్వాలి. దువ్వెన ఎక్కడా ఆగకుండా జారితేనే పని అయినట్టు. చిక్కులన్నీ చెవుల వెనక, చంకల్లో, బెల్టు రాసుకునే చోట దాక్కుంటాయి. చిక్కు పడిన జుట్టును కుదుళ్ల దగ్గర ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతి వేళ్లతో చివరల నుంచి విప్పితే కుక్కకు అంతగా నొప్పి తెలియదు.

స్నానం ఎప్పుడూ దువ్విన తర్వాతే. చిక్కుల మీద నీళ్లు పోస్తే అవి బిగుసుకుపోతాయి, ఇక కత్తెరే గతి. పొడుగు జుట్టు ఫొటోల్లో బాగుంటుంది గానీ ఇంట్లో పెంచుకునేదానికి పొట్టిగా కత్తిరించే 'పప్పీ కట్' హాయి. ఎండలని గుండు మాత్రం కొట్టించకండి, చర్మం మాడుతుంది.

3. కళ్లు

ఉబ్బెత్తు కళ్లు కాబట్టి చిన్న వెంట్రుక గుచ్చుకున్నా పుండు పడొచ్చు. పొద్దున్నే గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన దూదితో పుసి తుడవండి. ఒక కన్ను మూసే ఉంచుతున్నా, గుడ్డు మీద తెల్లటి పొర కనిపించినా అదే రోజు డాక్టరుకు చూపించాలి. ఇంట్లో మిగిలిన చుక్కల మందు వేయొద్దు. అందులో స్టెరాయిడ్ ఉంటే పుండు ముదిరిపోతుంది.

4. ఎండ

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పుతూ నోట్లోని తడిని ఆరబెట్టుకునే ఒళ్లు చల్లబరచుకుంటుంది. పొట్టి ముక్కులో గాలి దారి ఇరుకు కావడంతో షిట్జుకు ఆ పని సరిగా సాగదు. ఉక్కపోత రోజున గాల్లో తేమ వల్ల ఆ తడీ ఆరదు. అందుకే విజయవాడ ఉక్కపోతకూ ఖమ్మం ఎండకూ ఒకేలా భయపడాలి.

మే నెలలో వాకింగ్ తెల్లవారాక వెంటనే, మళ్లీ రాత్రి రోడ్డు చల్లారాకే. చేతి వెనక భాగాన్ని రోడ్డుకు ఐదు సెకన్లు ఆనించలేకపోతే దాన్నీ నడిపించొద్దు. మెడ బెల్టు బదులు ఛాతీకి వేసే హార్నెస్ వాడండి. ఆగి ఉన్న కారులో 'ఒక్క నిమిషమే' అని కూడా వదలకండి.

ఆగకుండా రొప్పడం, చిక్కటి చొంగ, తూలడం కనిపిస్తే వడదెబ్బే అనుకోండి. ఫ్యాన్ కింద పెట్టి ఒళ్లంతా తడిసేలా చల్లటి నీళ్లు పోస్తూ ఆస్పత్రికి ఫోన్ చేసి బయల్దేరండి. తడి తువ్వాలు కప్పి ఉంచితే వేడి లోపలే ఉండిపోతుంది.

5. తిండి, మందులు

పెరుగన్నం ఒక్కటే పెడితే ప్రొటీన్ చాలదు. మన కూరల్లోని ఉల్లి, వెల్లుల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి. పరమాన్నంలోని కిస్మిస్ కిడ్నీలకు విషం కావచ్చు, పండగపూట చుట్టాలకు ముందే చెప్పి పెట్టండి. మన జ్వరం మాత్రలు, నొప్పి మాత్రలు అసలు వేయొద్దు.

టీకాలు 6-8 వారాల వయసులో మొదలవుతాయి, రేబిస్ టీకా మూడు నెలలకు. వాన మొదలయ్యాక రోజూ దువ్వేటప్పుడే వేళ్ల సందులు, చెవుల లోపల గోమార్ల కోసం వెతకండి. అవి కుట్టాక కుక్క తిండి మానేసి, చిగుళ్లు పాలిపోతే రక్తపరీక్ష చేయించాల్సిందే.