అప్పుల్లో ఉన్న ఎయిర్‌లైన్స్ టికెట్ చవగ్గా దొరుకుతోంది: కొనాలా, వద్దా? ఎలా తేల్చుకోవాలి?

శంషాబాద్ నుంచి ఢిల్లీకో, వారణాసికో టికెట్లు చూస్తుంటే అన్నీ ఇంచుమించు ఒకే రేటులో ఉంటాయి, ఒక్క ఎయిర్‌లైన్స్ మాత్రం మనిషికి వెయ్యో, రెండు వేలో తక్కువ చూపిస్తుంది. ఆ కంపెనీ పేరే పొద్దున పేపర్లో చదివి ఉంటాం, జీతాలు ఇవ్వలేదనో, విమానాలు అద్దెకిచ్చినవాళ్లు కోర్టుకెళ్లారనో. నలుగురున్న ఇంట్లో రానూపోనూ లెక్కేస్తే పది వేల దాకా మిగులుతుంది కదా, ఇంకో రెండు నెలలు నడవకపోతుందా అనిపిస్తుంది.

కొన్నేళ్ల కిందట మాకూ అలాగే అనిపించింది. అమ్మ, పెద్దమ్మ, బాబాయి వాళ్లు కలిసి ఆరుగురు కాశీ వెళ్లాలనుకుంటే చవగ్గా ఉందని రెండు నెలల ముందే టికెట్లు కొన్నాం, అదీ తెలిసిన ట్రావెల్ ఏజెంటుకు ఫోన్‌లో డబ్బులు పంపించి. ప్రయాణానికి సరిగ్గా వారం ఉందనగా ఆ కంపెనీ విమానాలు ఆగిపోయాయి. పెద్దమ్మ మోకాళ్ల నొప్పులతో దానాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో ఒకటిన్నర రోజు కూర్చుని వెళ్లింది, ఆ టికెట్ల డబ్బులు ఇప్పటికీ రాలేదు. ఆవిడ ఒక్క మాట అనలేదు గానీ, ఆ టికెట్లు కొన్నది నేనే కాబట్టి ఆ బాధ నాకు ఇంకా ఉంది.

అప్పటినుంచి నేను అడిగే ప్రశ్నే మారిపోయింది. ఆ కంపెనీ మూతపడుతుందా అన్నది మనం తేల్చలేం, ఆ తేదీ అందులో పనిచేసేవాళ్లకే తెలియదు. 2023 మే 2న గో ఫస్ట్ దివాలా పిటిషన్ వేసినట్టు ప్రకటించి, మర్నాటి నుంచే విమానాలు ఆపేసింది, అప్పటిదాకా టికెట్లు అమ్ముతూనే ఉంది. మనం తేల్చుకోగలిగింది ఒక్కటే: మూతపడితే నాకేం పోతుంది? రెండు నెలల ముందు టికెట్ కొన్నామంటే ఆ కంపెనీకి రెండు నెలలు అప్పిచ్చినట్టే లెక్క. ఊళ్లో అందరికీ బాకీ ఉన్న మనిషికి అప్పిచ్చేముందు ఏమేం ఆలోచిస్తామో ఇక్కడా అవే ఆలోచించాలి.

1. ముందు మీ ప్రయాణం సంగతి చూడండి, కంపెనీ సంగతి తర్వాత

ఒక రోజు ఆలస్యమైనా పరవాలేదా? ఇది మొదటి ప్రశ్న, చాలామందికి ఇక్కడే జవాబు దొరికిపోతుంది. పెళ్లి ముహూర్తం, పరీక్ష, ఉద్యోగంలో చేరే రోజు, ఆపరేషన్ తేదీ, వేరే ఊళ్లో వీసా ఇంటర్వ్యూ, ఇలాంటివాటికి వెళ్తుంటే ఎంత చవకైనా వద్దు. గోవాకో, అన్నయ్య వాళ్లింటికో సరదాగా వెళ్తుంటే ఆలోచించొచ్చు.

అన్నిటికంటే ప్రమాదం మాత్రం వేర్వేరు టికెట్ల మీద కనెక్షన్ పెట్టుకోవడం. అమెరికా వెళ్లే పిల్లలకు ఇంట్లోవాళ్లు ఇది చేస్తుంటారు: ఢిల్లీ నుంచి న్యూయార్క్‌కి ఒక టికెట్, హైదరాబాద్ నుంచి ఢిల్లీకి చవగ్గా ఉందని వేరే కంపెనీలో ఇంకో టికెట్. రెండూ ఒకే పీఎన్ఆర్ కింద ఉంటే మధ్యలో ఒకటి తప్పినా గమ్యం చేర్చే పూచీ టికెట్ ఇచ్చిన కంపెనీది. విడివిడిగా కొంటే మాత్రం ఢిల్లీ దాకా మీరెలా వస్తారన్నది పెద్ద విమానం వాళ్లకు సంబంధం లేదు, మీరు రాలేదు కాబట్టి నో షో అని రాసుకుంటారు, అంతే. రెండు వేలు మిగుల్చుకోబోయి లక్ష రూపాయల టికెట్ పోగొట్టుకునే లెక్క అది. అలాంటి ప్రయాణానికి కష్టాల్లో ఉన్న కంపెనీని అసలు దగ్గరికి రానివ్వకండి.

ఎవరు వెళ్తున్నారన్నదీ ముఖ్యమే. ఇరవై ఐదేళ్ల కుర్రాడు ఎయిర్‌పోర్టులో ఆగిపోతే అప్పటికప్పుడు బస్సెక్కి వచ్చేస్తాడు. డెబ్భై ఏళ్లు దాటినవాళ్లు, చంటిపిల్లల తల్లి, హిందీ రాని అమ్మానాన్నలు అలా రాలేరు.

2. ఏ వార్తకు భయపడాలి, దేనికి అక్కర్లేదు

నష్టాలొచ్చాయన్న వార్త ఒక్కటే చూసి భయపడక్కర్లేదు. ఇంధనం ధర పెరిగినా, డాలరు పెరిగినా ఎయిర్‌లైన్స్‌కు నష్టాలు మామూలే, అద్దెలు డాలర్లలో కట్టాలి మరి. నష్టాల్లో ఏళ్ల తరబడి నడిచిన కంపెనీలున్నాయి. కంపెనీ ఆగిపోయేది రోజువారీ ఖర్చుకు చేతిలో డబ్బు లేనప్పుడు.

అందుకని విమానాల సంఖ్య తగ్గుతోందా అన్నది నేను అన్నిటికంటే ముందు చూస్తాను. మన దగ్గర చాలా విమానాలు అద్దెవే, అద్దె కట్టకపోతే ఇచ్చినవాళ్లు ఆపేయిస్తారు. జెట్ ఎయిర్‌వేస్ 2019లో సరిగ్గా ఇలాగే కరిగిపోయింది. అద్దె బాకీల వల్ల ఇన్ని విమానాలు ఆగాయని స్టాక్ ఎక్స్ఛేంజికి తనే విడతలు విడతలుగా చెబుతూ వచ్చింది, వందకు పైగా విమానాలున్న కంపెనీ చివరికి ఐదింటికి వచ్చి, ఏప్రిల్ 17న ఆగిపోయింది. అవన్నీ పేపర్లలో వచ్చినవే, చూసినవాళ్లకు నెలన్నర ముందే అర్థమైంది. గో ఫస్ట్‌లో ఇంజిన్ల సమస్యతో సగం విమానాలు నేల మీదే ఉన్నాయి. కారణం ఏదైనా కానీ, ఎగరని విమానం సంపాదించదు, దాని ఖర్చు మాత్రం ఆగదు.

తర్వాత జీతాలు. ఒక నెల ఆలస్యం ఒకెత్తు, మూడు నాలుగు నెలల బకాయి ఒకెత్తు. 2012లో కింగ్‌ఫిషర్ ఇంజినీర్లు నెలల తరబడి జీతాల్లేక సమ్మెకు దిగారు, ఆ అక్టోబరులోనే కంపెనీ ఆగింది. పైలట్లు ఒకేసారి పెద్ద సంఖ్యలో సెలవులు పెట్టారన్న వార్తా ఇలాంటిదే.

ఇంధనం ఏ రోజుకారోజు డబ్బు కడితేనే పోస్తామని చమురు కంపెనీలు అన్నాయంటే అదీ పెద్ద గుర్తే. దాన్ని క్యాష్ అండ్ క్యారీ అంటారు, పేపర్లో ఆ మాట కనబడితే ఆగి చదవండి. 2014 డిసెంబరులో ఇంధనం బాకీతో స్పైస్‌జెట్ విమానాలు ఒక పూట ఆగిపోయాయి కూడా. అయితే ఆ కంపెనీ అప్పుడు మూతపడలేదు, యాజమాన్యం మారి మళ్లీ నిలబడింది. గుర్తులు కనబడ్డ ప్రతి కంపెనీ పోతుందని లేదు, అందుకే మీ ప్రయాణం సంగతి ముందు చూసుకోమన్నాను.

కంపెనీ షేరు మార్కెట్లో ఉంటే మూడు నెలలకోసారి వచ్చే ఫలితాల్లో ఆడిటర్ రాసిన పేరా చూడండి. కంపెనీ ఇక ముందు నడుస్తుందా అన్నదానిపై అనుమానం ఉంటే అందులో రాస్తారు. లిస్టెడ్ కాని చిన్న కంపెనీల విషయంలో ఈ సౌకర్యం లేదు, వాటితో ఇంకాస్త జాగ్రత్త. విజయవాడ కేంద్రంగా నడిచిన ఎయిర్ కోస్టా 2017లో ఆగింది. మన హైదరాబాద్ నుంచే నడిచి, చిన్న ఊళ్లకు విమానాలు నడిపే ఉడాన్ పథకం కింద కడపకు విమానం తెచ్చిన ట్రూజెట్ 2022 ఫిబ్రవరిలో ఆగింది. చిన్న కంపెనీలో నాలుగు విమానాలుంటే రెండు ఆగినా షెడ్యూలు సగం పోయినట్టే.

విదేశీ కంపెనీల వార్తలు చదివేటప్పుడు ఒక తేడా గుర్తుంచుకోండి. అమెరికాలో చాప్టర్ 11 అంటే కోర్టు రక్షణలో ఉంటూనే విమానాలు నడపొచ్చు, పెద్ద పెద్ద కంపెనీలు అలా బయటపడ్డాయి. మన దగ్గర దివాలా అన్నాక మళ్లీ ఎగిరిన ఉదాహరణ వెతికినా దొరకడం కష్టం. గో ఫస్ట్ మూడు రోజుల్లో మళ్లీ మొదలుపెడతామంది, ఆ గడువు పొడిగిస్తూ పోయి, చివరికి 2025 జనవరిలో ఆస్తులు అమ్మేయమని కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీ ఆదేశించింది. ఇప్పుడైతే దివాలా కేసు నడుస్తున్నా అద్దె విమానాలను వెనక్కి తీసుకెళ్లే వీలు ఇచ్చినవాళ్లకుంది, 2025లో దీనికి చట్టమే వచ్చింది. కాబట్టి మన కంపెనీ మీద దివాలా పిటిషన్ విచారణకు తీసుకున్నారన్న వార్త వస్తే ఆ టికెట్ ఇక కొనొద్దు.

3. మీరు ఎక్కబోయే విమానాన్నే విడిగా చూడండి

విమానాలు ఎక్కడున్నాయో చూపించే ఫ్లైట్‌రాడార్24 వెబ్‌సైటులో ఆ విమానం నంబరు కొడితే గత వారం రోజుల్లో ఎన్నిసార్లు ఎగిరింది, ఎంత ఆలస్యమైంది ఉచితంగానే కనబడుతుంది. వారంలో రెండు రోజులు రద్దయితే ఇక వేరే లెక్కలు అక్కర్లేదు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ప్రతి నెలా ఒక నివేదిక ఇస్తుంది, అందులో కంపెనీలవారీగా రద్దయిన విమానాల శాతం, టైముకు నడిచిన శాతం, ఫిర్యాదులు ఉంటాయి, టైము లెక్కల్లో హైదరాబాద్ ఎయిర్‌పోర్టు కూడా ఉంటుంది. మూడు నాలుగు నెలలవి పక్కపక్కన పెట్టి చూస్తే దిగజారుతోందో లేదో తెలిసిపోతుంది. ఆ రూటులో ఆ కంపెనీకి రోజుకు ఎన్ని విమానాలున్నాయన్నదీ చూడండి. ఐదు ఉంటే ఒకటి రద్దయినా ఇంకోదాంట్లో పంపిస్తారు, ఒక్కటే ఉంటే మర్నాడే.

4. భద్రత సంగతి

అందరి మనసులో ఉండే టెన్షన్ ఇదే, కాబట్టి సూటిగా చెప్తాను. డబ్బు లేని కంపెనీ విమానం కూలిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. లైసెన్సు ఉన్నంతకాలం తనిఖీలు జరుగుతాయి, కష్టాల్లో ఉన్న కంపెనీ మీద డీజీసీఏ నిఘా పెంచుతుంది కూడా. కానీ డబ్బుకూ, మెయింటెనెన్సుకూ సంబంధమే లేదంటే అదీ నిజం కాదు. 2022 జూలైలో స్పైస్‌జెట్‌కు ఇచ్చిన షోకాజ్ నోటీసులో డీజీసీఏయే ఆ ముడి చెప్పింది: సరఫరాదారులకు సమయానికి డబ్బు చెల్లించక విడిభాగాల కొరత వస్తోందని. ఆ నెలలోనే ఎనిమిది వారాలపాటు సగం విమానాలే నడపమంది. నేను చేసేదేమంటే, డీజీసీఏ నుంచి అలాంటి చర్య తాజాగా ఉంటే ఇంట్లోవాళ్లకు ఆ టికెట్ కొనను. మీ మనసు ఒప్పుకోకపోతే మీరూ కొనకండి, రెండు వేల కోసం భయపడుతూ కూర్చోవడం ఎందుకు?

5. కొనాలనే అనుకుంటే ఇలా కొనండి

ప్రయాణానికి ఎంత దగ్గర్లో కొంటే అంత మంచిది, అప్పు ఎన్ని రోజులిస్తే అన్ని రోజులు రిస్కు కాబట్టి. వారం, పది రోజుల ముందు రేటు ఇంకా తక్కువగానే ఉంటే అప్పుడు తీసుకోండి. రానూపోనూ ఒకే కంపెనీలో వద్దు, ఒకవైపు దీంట్లో, రెండోవైపు గట్టి కంపెనీలో. సీట్లు, భోజనం, అదనపు లగేజీ లాంటివి ముందే కొనకండి.

క్రెడిట్ కార్డుతోనే కట్టండి. సర్వీసు అందలేదని బ్యాంకులో డిస్ప్యూట్ వేస్తే, దాన్నే చార్జ్‌బ్యాక్ అంటారు, డబ్బు వెనక్కి వచ్చే అవకాశం ఉంది. యూపీఐలోనో, ఏజెంటు ఖాతాకో పంపితే ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే, మాకు జరిగింది అదే. ఏజెంటు మంచివాడే, కానీ ఎయిర్‌లైన్స్ నుంచి ఆయనకే రాలేదు, మాకేం ఇస్తాడు? పోర్టల్ అయినా అంతే, ఎయిర్‌లైన్స్ పంపితేనే మీకు పంపుతుంది.

రద్దయినప్పుడు డబ్బుకు బదులు క్రెడిట్ షెల్ ఇస్తాం, ఏడాదిలో వాడుకోండి అంటే ఒప్పుకోకండి. నిలబడుతుందో లేదో తెలియని కంపెనీ దగ్గర మళ్లీ డబ్బు దాచుకోవడమే అది. ట్రావెల్ ఇన్సూరెన్సు ఉంది కదా అనుకునే ముందు పాలసీలో ఎయిర్‌లైన్స్ దివాలా తీస్తే వర్తిస్తుందా అని చదవండి. చాలావాటిలో ఉండదు, ఉన్నా వార్త బయటికొచ్చాక తీసుకున్న పాలసీకి వర్తించకపోవచ్చు.

6. రెండో దారి ముందే పెట్టుకోండి

ఒక కంపెనీ ఆగిన రోజే మిగతావాళ్ల రేట్లు పెరుగుతాయి, అందరూ ఒక్కసారే వెతుకుతారు కదా. అందుకని లెక్కేసేటప్పుడు మిగిలే రెండు వేలు ఒకవైపు, ఆఖరి నిమిషం టికెట్ రేటు ఇంకోవైపు పెట్టి చూడండి. ఆ రెండోది చేతిలో ఉందా? లేకపోతే ఈ చవక టికెట్ మనకు చవక కాదు.

విశాఖ, తిరుపతి, బెంగళూరు లాంటి ఊళ్లకైతే వందే భారత్ ఉంది కాబట్టి ధైర్యం చేయొచ్చు. ఢిల్లీ, కాశీ వైపైతే రైల్లో ఒక రోజు పైనే పడుతుంది, రైలు టికెట్లు 60 రోజుల ముందు తెరుస్తారు, అవీ తొందరగా అయిపోతాయి. పెద్దవాళ్లు వెళ్తుంటే నేను ఇప్పుడు రైలు టికెట్ కూడా తీసి ఉంచుతాను, ముందుగా రద్దు చేస్తే పోయేది కొంతే. తత్కాల్ అయితే బయల్దేరే రోజుకు ముందురోజు, ఏసీకి పొద్దున పదింటికి, స్లీపర్‌కు పదకొండింటికి.

ప్రయాణం రోజు ఇంట్లోంచి కదిలే ముందు, ఆ విమానం అంతకుముందు ఊళ్లోంచి బయల్దేరిందో లేదో ఫ్లైట్‌రాడార్‌లో చూసుకోండి. పుష్పక్ బస్సెక్కి శంషాబాద్ దాకా వెళ్లి వెనక్కి రావడం కంటే ఇంట్లో ఉండి వేరే టికెట్ వెతకడం నయం.

7. నిజంగానే ఆగిపోతే

రద్దు మెసేజ్, టికెట్, డబ్బు కట్టిన రసీదు, కంపెనీ వెబ్‌సైటులో పెట్టిన ప్రకటన, అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, ఆ వెబ్‌సైటు రేపు ఉండకపోవచ్చు. టికెట్ మీరే రద్దు చేసుకోకండి. కంపెనీ రద్దు చేస్తే పూర్తి డబ్బు మీ హక్కు, మీరు చేస్తే కోతలు పడతాయి. అదే రోజు రీఫండ్ కావాలని రాసి పంపండి, బ్యాంకులో డిస్ప్యూట్ కూడా అప్పుడే వేయండి. దానికి గడువుంటుంది, కంపెనీ మాట నమ్మి నెలలు ఆగితే అది దాటిపోతుంది.

చెప్పకుండా రద్దు చేస్తే పది వేల దాకా పరిహారం రావాలని డీజీసీఏ నిబంధనల్లో ఉంది గానీ, అది ఇవ్వడానికి కంపెనీ దగ్గర డబ్బుండాలి కదా. విమానయాన శాఖ ఫిర్యాదుల పోర్టల్ ఎయిర్‌సేవాలో, 1915 నంబరు కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు మాత్రం పెట్టండి, కంపెనీ ఇంకా నడుస్తున్నంతవరకు అవి పనిచేస్తాయి. దివాలా కేసు మొదలైతే పాత బాకీల చెల్లింపులు ఆగిపోతాయి, అప్పుడు కోర్టు నియమించిన రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కు క్లెయిమ్ ఫారం పంపాలి. ఎవరికి, ఏ తేదీలోపు పంపాలో పేపర్లో ప్రకటన ఇస్తారు. బ్యాంకుల వెనకాల వరుసలో ఉంటాం కాబట్టి వచ్చేది తక్కువే, అయినా పంపండి, ఆ వరుసలో పేరు లేనివాళ్లకు ఆ తక్కువ కూడా రాదు. మేము ఏజెంటే చూసుకుంటాడులే అని ఊరుకున్నాం, గడువు దాటాక తెలిసింది.