విద్యా కార్యక్రమాల మూల్యాంకనంలో ఉద్యోగం: ఎలా మొదలుపెట్టాలి?

బళ్ళలో ఓ కొత్త కార్యక్రమం పెట్టారు. ఏడాది తిరిగేసరికి పిల్లలు బాగా చదువుతున్నారు. అది కార్యక్రమం వల్లా, ఏడాది వయసు పెరిగినందువల్లా? ఇది తేల్చడమే ఈ ఉద్యోగం.

ముందు ఫీల్డుకి వెళ్ళండి. పల్లె పిల్లలు ఎంతవరకు చదవగలరో చూడడానికి 2005లో ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ మొదలుపెట్టిన అసర్ సర్వేలో వాలంటీరుగా చేరడం మంచి దారి. పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి పిల్లల్ని ఒక్కొక్కరినే చదివించాలి. మొదట ఒకటో తరగతి స్థాయి పేరా ఇస్తారు. అది గడగడా చదివితే రెండో తరగతి స్థాయి కథ. తడబడితే పదాలు, అవీ రాకపోతే అక్షరాలు. పక్క నుంచి తల్లి అందిస్తుంటే ‘పాపనే చెప్పనివ్వండమ్మా’ అని ఆమె నొచ్చుకోకుండా చెప్పగలగాలి. పాపకి టెన్షన్ వస్తే కాసేపు ఆగాలి. ఇక్కడ తప్పు రాసుకుంటే తర్వాత ఎంత గొప్ప లెక్కలు వేసినా దండగే. అందుకే సాఫ్ట్‌వేర్ కంటే ముందు ఇది నేర్చుకోమంటాను.

తర్వాత పోల్చి చూడడం నేర్చుకోండి. దీనికి మన దగ్గరే చక్కటి ఉదాహరణ ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుంచి కార్తీక్ మురళీధరన్, వెంకటేష్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు ఒక అధ్యయనం చేశారు. పిల్లల చదువు మెరుగుపడితే టీచర్లకు బోనస్. ఏ బళ్ళకు ఇవ్వాలో లాటరీ పద్ధతిలో ఎంచారు కాబట్టి, మిగతా బళ్ళతో పోలిక న్యాయంగా కుదిరింది. రెండేళ్ళకు బోనస్ బళ్ళ పిల్లలు లెక్కల్లో, భాషలో ముందున్నారు. బోనస్‌తో సంబంధం లేని సైన్స్, సోషల్‌లోనూ ముందున్నారు. 2011లో అచ్చయిన ఆ పేపరు ఓపిగ్గా చదవండి. చాలా కోర్సుల కంటే అదే ఎక్కువ నేర్పుతుంది.

చదువు సంగతి: ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్, ఎడ్యుకేషన్, ఏదో ఒకదానిలో పీజీ ఉంటే మంచిది. ఎక్సెల్ బాగా వచ్చాక ‘ఆర్’ (R) అనే గణాంకాల సాఫ్ట్‌వేర్ పట్టండి, అది ఉచితం. దేశంలోని బళ్ళ వివరాలతో ప్రభుత్వం ఇచ్చే యూడైస్ ప్లస్ సమాచారంలో మీ జిల్లా బళ్ళను తీసుకుని రెండు పేజీల నివేదిక రాయండి. దరఖాస్తుకు జతచేయడానికి పనికొస్తుంది.

ప్రకటనల్లో ‘రీసెర్చ్ అసోసియేట్’, ‘ఎం అండ్ ఈ (మానిటరింగ్ అండ్ ఇవాల్యుయేషన్) ఆఫీసర్’ అనే పేర్లు వెతకండి. జె-పాల్ సౌత్ ఏషియా లాంటి పరిశోధన సంస్థలు ఇలాంటివాళ్ళను తీసుకుంటాయి. ప్రశ్నావళిని పల్లెవాళ్ళకు అర్థమయ్యే తెలుగులో రాయగలరని దరఖాస్తులో తప్పకుండా చెప్పండి. ఇంటర్వ్యూలో మీరూ ఒకటి అడగండి: కార్యక్రమం పనిచేయలేదని తేలితే ఆ నివేదికా బయటపెడతారా? తడుముకుంటే ఆ సంస్థ గురించి మరోసారి ఆలోచించండి.