మీగడ రంగు తీగ గులాబీ: పూయకపోయినా, పూసి మాడినా

మా గేటు పక్కన ప్రహరీ గోడ మీద ఒక తీగ గులాబీ ఉంది. పేరేంటని అడిగితే నర్సరీ అతను "క్రీమ్ క్లైంబర్ అండీ" అన్నాడు, అంతే. ఆరేళ్లయింది. ఎర్ర గులాబీకి వచ్చే తెగుళ్లే దీనికీ వస్తాయి. కాకపోతే ఎర్ర పువ్వు మీద కంటికి ఆనని గీత, మచ్చ, కమిలిన అంచు దీని మీద తెల్ల చొక్కా మీద పులుసు మరకలా కనిపిస్తాయి. దాంతో కంగారుపడి ముందు మందు డబ్బా అందుకుంటాం. నేనూ మొదటి రెండేళ్లు అదే చేశాను. చాలాసార్లు తప్పు పురుగుది కాదు, కత్తెరదో, కట్టిన తాడుదో.

తీగలు డాబా దాకా వెళ్లాయి, పువ్వు మాత్రం లేదు

ముందు తీగ ఎటు పోతోందో చూడండి. నిటారుగా పైకి పోతుంటే కారణం సగం దొరికినట్టే. కొమ్మ కొనలో ఉన్న చిగురు కింది కళ్లను (ఆకు మొదట్లో కొత్త రెమ్మ లేచే చోట్లను) నిద్రపుచ్చి ఉంచుతుంది. అదే కొమ్మను గోడ వెంట అడ్డంగా పడుకోబెడితే ఆ పెత్తనం పోతుంది, ప్రతి కంటి దగ్గరా ఒక చిన్న రెమ్మ లేస్తుంది. పూలు వచ్చేది ఆ రెమ్మలకే. కింద అంతా బోడిగా, పూలన్నీ పక్కింటివాళ్ల డాబా ఎత్తులో ఉంటే దానికీ కారణం ఇదే.

గులాబీ మల్లెతీగలా తనంతట తాను చుట్టుకోదు, కాకరలా నులితీగలూ ఉండవు. మనమే కట్టాలి. గోడకు మేకులు కొట్టి అడుగున్నరకు ఒకటి చొప్పున ఇనుప తీగలు లాగండి. ఆ ఇనుప తీగకూ గోడకూ మధ్య మూడు అంగుళాల సందు ఉండాలి, గాలి ఆడకపోతే బూడిద తెగులుకు మనమే పీట వేసినట్టు. లేత కొమ్మ వంగుతుంది, ముదురుది ఫట్‌మంటుంది. కాబట్టి ఆ ఏడాది వచ్చిన పచ్చి కొమ్మల్నే రెండు వారాల్లో కొంచెం కొంచెంగా వంచుకుంటూ రండి. కట్టడానికి నైలాన్ తాడు, రాగి వైరు వద్దు, కొమ్మ లావయ్యేకొద్దీ బెరడులోకి దిగిపోతాయి. మా అమ్మ పాత నేత చీర అంచును వేలెడు వెడల్పున చించి ఇచ్చింది. ఎనిమిది అంకె ఆకారంలో ఒక మెలిక ఇనుప తీగకు, ఒక మెలిక కొమ్మకు వేసి వదులుగా కట్టాను. రెండు వానాకాలాలు నిలిచాయి.

అడ్డంగా కట్టినా పూయడం లేదంటే కత్తిరింపు సంగతి ఆలోచించాలి. మూడో ఏడు అక్టోబరులో మా వీధిలో తిరిగే మాలికి పని అప్పగించి ఊరెళ్లాను. వచ్చేసరికి కుండీ గులాబీని నరికినట్టు మోకాలి ఎత్తున నరికేశాడు. పాపం, అతనికి తెలిసిన గులాబీ అదే. ఆ సీజన్ మొత్తం ఆకులే చూశాం. పొద గులాబీని అక్టోబరులో గట్టిగా కత్తిరిస్తే ఆరేడు వారాల్లో పూస్తుంది. తీగ గులాబీ అలా కాదు, ఇది పూసేది ముదిరిన పొడవాటి కొమ్మల మీద లేచే రెమ్మలకు. ఆ పొడవు కొమ్మల్ని ఉంచి, పూసిన పక్క రెమ్మల్ని మాత్రం రెండు మూడు కళ్లకు కుదించాలి. ఎండినవి, బాగా ముసలివి మొదలంటా తీసేయొచ్చు. పేరుకు ముందు 'క్లైంబింగ్' అని ఉండే రకాల్లో చాలావరకు పొద గులాబీలో అనుకోకుండా వచ్చిన మార్పు వల్ల తీగలైనవే. వాటిని మరీ కిందికి నరికితే మళ్లీ పొదగానే మారిపోయే ప్రమాదమూ ఉంది.

ఇంగ్లండ్‌లో ఉండే మనవాళ్లకు ఒక మాట. అక్కడ కంచెల మీద కనిపించే ఆల్బెరిక్ బార్బియే లాంటి పాత మీగడ రంగు రకం (1900 నాటిది) ముఖ్యంగా ఏడాదికి ఒక్కసారి, కిందటేడు పెరిగిన కొమ్మల మీద పూస్తుంది. దాన్ని చలికాలం చివర కత్తిరిస్తే ఆ ఏడు పూలను చేజేతులా తీసేసుకున్నట్టే. పూత అయ్యాకే కత్తెర పట్టాలి.

ఇక మిగిలినవి తేలిక. రోజుకు ఆరు గంటల ఎండ లేకపోతే సరిగ్గా పూయదు, దానికి మందు లేదు, చోటు మార్చాలి. యూరియా, పచ్చి పేడ ఎక్కువైతే ఆకే. మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి చాలు. నాటి ఏడాదే అయితే ఊరుకోండి, అది ఇంకా వేళ్లు పెంచుకునే పనిలో ఉంది.

ఉన్నట్టుండి వేరే రంగు, చిన్న చిన్న పూలు వచ్చాయి

మొక్క మారిపోలేదు. అంటు కట్టిన చోటుకు కింద, నాటు గులాబీ వేరు నుంచి మొలక లేచింది. అది బలమైనది, ఊరుకుంటే పైదాన్ని మింగేస్తుంది. ఆకుకు ఏడు రెక్కలుంటే అనుమానించండి, కానీ దాన్నే రుజువు అనుకోవద్దు, కొన్ని తీగ రకాలకూ ఏడు ఉంటాయి. మట్టి తవ్వి ఎక్కడ మొదలైందో చూడటమే రుజువు. కత్తిరిస్తే అదే చోట రెండు లేస్తాయి. మొలకను అది పుట్టిన చోటే పట్టుకుని కిందికి చీల్చినట్టు లాగేయాలి.

మొగ్గ వస్తోంది, విచ్చుకోవడం లేదు. విచ్చినా అంచులు గోధుమ రంగు

ఇది మూడు వేర్వేరు జబ్బులు కావచ్చు. నాకు అందరూ పంపే ఫొటో మాత్రం ఒకటే!

ఎండలు ముదిరే ఫిబ్రవరి నుంచి మే వరకైతే ముందు తామర పురుగుల్ని అనుమానించాలి. లేత రంగు పూలంటే వాటికి మహా ఇష్టం. సగం విచ్చిన పువ్వును తెల్ల కాగితం మీద గట్టిగా దులపండి. జీలకర్రలో నాలుగో వంతు కూడా లేని సన్నటి గీతల్లాంటివి కదులుతుంటే అవే. మాడిన మొగ్గల్ని తెంపి కవర్లో కట్టి పారేయండి, చెట్టు కింద వదిలితే లాభం లేదు. నీలం రంగు జిగురు అట్టలు వేలాడదీయండి. వారానికోసారి లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు నీళ్లు కలిపి కొట్టండి. అయినా తగ్గకపోతే స్పైనోసాడ్ 45 శాతం ద్రావణం లీటరుకు 0.3 మి.లీ. దీన్ని తేనెటీగలు వెళ్లిపోయాక, సాయంత్రం పూటే కొట్టాలి. పురుగు మొగ్గ లోపల దాక్కుంటుంది కాబట్టి ఒక్కసారితో పోదు.

వానాకాలంలోనో, మంచు కురిసే రోజుల్లోనో అయితే కథ వేరు. పై రేకులు తడిసి, ఎండకు ఆరి, కాగితంలా అతుక్కుపోతాయి. లోపలి పువ్వు బాగానే ఉన్నా బయటికి రాలేదు. ఒక మొగ్గ తీసుకుని ఆ పై పొరను గోటితో జాగ్రత్తగా ఒలిచి చూడండి, లోపల వెన్నముద్దలా శుభ్రంగా ఉంటే పురుగు లేదు. నీళ్లు మొదట్లో పోయండి, తల మీద కాదు. రేకులు మరీ దట్టంగా ఉండే రకాలకు ఈ బాధ ఎక్కువ.

మూడోది బూజు తెగులు (బోట్రైటిస్). తడి రోజుల్లో మీగడ రంగు రేకుల మీద కుంకుమ చిలకరించినట్టు గులాబీ చుక్కలు వస్తాయి. పక్కింటి పిన్నిగారు "భలే డిజైనమ్మా" అని పూజకు కోసుకెళ్లారు కూడా. రెండు రోజులకు ఆ చుక్కలే గోధుమ మచ్చలై, బూడిద రంగు బూజు పడుతుంది. వాడిన పూలను చెట్టు మీద ఉంచకపోవడం, గాలి ఆడనివ్వడం, ఇవే సగం వైద్యం.

మీగడ రంగు పోయి తెల్లగా పూస్తోంది

జబ్బు కాదు. వేడికి ఆ పసుపు ఛాయ త్వరగా వెలిసిపోతుంది. నవంబరు, జనవరి మధ్య అదే చెట్టు వెన్న రంగులో పూస్తుంది. దీనికని ఎరువు అమ్మేవాళ్ల మాట నమ్మకండి.

ఆకులు పసుపుపచ్చ

ఏ ఆకో చూడాలి. లేత ఆకు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు. బోరు నీళ్లు పోసే ఇళ్లలో ఇది మామూలే, క్షారం ఎక్కువైన మట్టిలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం తేడాతో రెండు మూడుసార్లు ఆకుల మీద కొట్టండి. విచ్చిన పూల మీద, సున్నం గోడ మీద పడనివ్వకండి, తుప్పు మరకలవుతాయి. మా గోడ మీద ఇంకా ఉన్నాయి.

కింది ఆకుల మీద అంచులు చెదిరిన నల్లటి గుండ్రాలు, చుట్టూ పసుపు ఉంటే వానాకాలపు నల్లమచ్చ. రాలినవి ఏరేసి మాంకోజెబ్ లీటరుకు 2.5 గ్రాములు కొట్టాలి. చలికాలంలో చిగుళ్ల మీద విభూతి రాసినట్టుంటే బూడిద తెగులు, నీటిలో కరిగే గంధకం పొడి లీటరుకు 2 గ్రాములు. ఎండ 32 డిగ్రీలు దాటితే గంధకం ముట్టుకోవద్దు, ఆకు మాడుతుంది. వేసవిలో ఆకు మసకబారి, అడుగున సాలెగూడు లాంటి పొర కనిపిస్తే ఎర్రనల్లి. రెండు రోజులకోసారి పైపుతో ఆకు అడుగు భాగాన్ని గట్టిగా కడగండి, సగానికి పైగా అక్కడే పోతాయి.

కొమ్మ కొన నుంచి నల్లబడి కిందికి ఎండుతోంది

ఇందులో మాత్రం ఆలస్యం పనికిరాదు. నలుపు ఆగిన చోటుకు రెండు అంగుళాలు కిందికి కోసి, కోసిన ముఖం చూడండి. మధ్యలో బెండు తెల్లగా ఉంటే సరే, గోధుమ రంగు చుక్క కనిపించినా ఇంకా కిందికి పోవాలి. ప్రతి కోతకూ సికేచర్‌ను (కొమ్మలు కోసే కత్తెరను) స్పిరిట్‌తో తుడవండి. కోసిన చోట బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద), అది లేకపోతే కాపర్ ఆక్సీక్లోరైడును నీళ్లతో ముద్దలా కలిపి పూయండి. మొదట్లో నీళ్లు నిలుస్తున్నాయేమో చూసుకోండి. మాకు ఏసీ పైపు నీళ్లు సరిగ్గా మొదట్లోనే కారుతున్నాయని కనిపెట్టేసరికి రెండు పెద్ద కొమ్మలు పోయాయి.